11 ఏళ్ల లాబ్రడార్ కుక్కకు పెరుగన్నం మానిపించాలా, సగం చేస్తే చాలా?

వర్తూరు_సుజాత: మగ లాబ్రడార్, 11 ఏళ్లు, 38 కిలోలు, పిల్లలు కాకుండా ఆపరేషన్ అయింది. డాక్టరు గారు బాడీ స్కోర్ (ఒళ్లు ఎంత ఉందో చెప్పే అంకె, 5 అంటే సరిగ్గా ఉన్నట్టు) 9కి 8 వేశారు, వెనక కాళ్ల కీళ్లు అరిగాయన్నారు. పూటకు 400 గ్రాముల అన్నం, 200 గ్రాముల పెరుగు, చెంచా నెయ్యి. రెండు పూటలా ఇదే. మధ్యలో ఆరు గ్లూకోజ్ బిస్కెట్లు. పెరుగన్నం మానిపించాలా, సగం చేస్తే సరిపోతుందా?

పల్లె_రాఘవ: సగం చేయండి చాలు. ఊళ్లో పెరుగన్నం తిన్న ఏ కుక్కకూ ఒళ్లు రాలేదు. ముందు ఆ బిస్కెట్లు ఆపండి.

తూకం_మూర్తి: సగం చేయకండి సుజాత గారూ. ముందు లెక్క చూడండి. వండిన అన్నం 100 గ్రాములకు 130 కేలరీలు, పెరుగు 60. నెయ్యి, బిస్కెట్లు కలిపితే ఇప్పుడు రోజుకు దాదాపు 1,500.

స్కోరులో 5 దాటిన ప్రతి అంకె 10 శాతం అదనపు బరువు. 8 అంటే 30 శాతం. 38ని 1.3తో భాగిస్తే ఉండాల్సిన బరువు 29 కిలోలు. ఫోన్ క్యాలిక్యులేటర్‌లో 29×29×29 కొట్టి, రెండుసార్లు వర్గమూలం తీసి, 70తో గుణించండి. 875 వస్తుంది. బరువు తగ్గడానికి రోజుకు ఇవ్వాల్సింది అంతే.

ఇక సగం ఎందుకు వద్దంటే, ఆ 800 గ్రాముల అన్నంలో, 400 గ్రాముల పెరుగులో కలిపి ప్రొటీన్ 35 గ్రాములే. సగం చేస్తే 17. అంత పెద్ద ఒంటికి 17 గ్రాములు ఏ మూలకు? కొవ్వుతో పాటు కండ కరుగుతుంది. ముసలి కుక్కకు పోయిన కండ తిరిగి రావడం కష్టం, అరిగిన కీలును పట్టి ఉంచేది ఆ కండే. కాల్షియం ఇప్పటికే చాలడం లేదు, అదీ సగమవుతుంది.

జయనగర్_వాణి: వాచ్‌మన్ పెట్టే బ్రెడ్డు కూడా లెక్కలో వేసుకోండి సుజాతా.

పల్లె_రాఘవ: మూర్తి గారూ, ముసలి కుక్కకు ప్రొటీన్ ఎక్కువైతే కిడ్నీలు పోతాయి. ఒక క్లినిక్‌లో పది నిమిషాలు కూడా చూడకుండా మాకూ ఒక డ్రై ఫుడ్ బస్తా అంటగట్టారు. పెరుగన్నం వద్దనేవాళ్లంతా చివరికి ఆ బస్తా దగ్గరికే వస్తారు. తక్కువ తింటే ఎక్కువ బతుకుతాయన్న పరిశోధన కూడా ఆ కంపెనీలదే కదా!

తూకం_మూర్తి: కిడ్నీ జబ్బు ఉన్న కుక్కకు ఫాస్ఫరస్, ప్రొటీన్ తగ్గిస్తారు. బాగున్న కిడ్నీని ప్రొటీన్ పాడు చేయదు. ముందు రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే పరీక్ష), మూత్రంలో ప్రొటీన్ చూపించుకుంటే ఆ అనుమానం తీరిపోతుంది.

పరిశోధన కుక్కల తిండి అమ్మే ప్యూరినా కంపెనీదే, 2002లో అచ్చయింది. 48 లాబ్రడార్లు, ఒకే ఈత పిల్లల్ని జతలుగా విడదీశారు. రెండు గుంపులకూ ఒకటే తిండి, ఒక గుంపుకు 25 శాతం తక్కువ. తక్కువ తిన్నవాటి సగటు ఆయుష్షు 13 ఏళ్లు, రెండోవాటిది 11.2. తిండి తక్కువ పెట్టండని తేలితే అమ్ముకునేవాడికి ఏం లాభం?

కేఆర్‌పురం_శ్రీను: థైరాయిడ్ చూపించారా? టీ4 ఒక్కటే చాలదు, టీఎస్‌హెచ్ కూడా చేయించండి. నీళ్లు విపరీతంగా తాగి, పొట్ట వేలాడుతుంటే కుషింగ్స్ (ఒంట్లో కార్టిసాల్ హార్మోన్ ఎక్కువయ్యే జబ్బు) కూడా చూడమనండి.

పల్లె_రాఘవ: మీ లెక్కలు మీ దగ్గర పెట్టుకోండి. 11 ఏళ్ల ప్రాణం అది. ఇంకా రెండేళ్లో మూడేళ్లో. ఆ కాస్త కాలం కూడా కడుపు మాడ్చి బతికించడమెందుకు? మా నాన్నగారికి రోజంతా ఉన్న పని కుక్కకు అన్నం కలిపి పెట్టడమొక్కటే. అదీ తప్పని డాక్టరు చెబితే ఆయన ముఖం ఎట్లా అయిందో మీకేం తెలుసు?

తూకం_మూర్తి: రాఘవ గారూ, ఇది మొదటే చెప్పి ఉంటే ఇంత వాదన అయ్యేది కాదు. నాన్నగారి చేతిని ఎవరూ కాదనడం లేదు. గిన్నెలోది మారాలి, కలిపేది ఆయనే కలపాలి.

కడుపు మాడ్చడం అంటే మాత్రం ఒప్పుకోను. లేవబోయి వెనక కాళ్లు జారి కూలబడే కుక్కకు ఏ తిండి సుఖాన్నిస్తుంది? కీళ్లు అరిగిన కుక్కల్లో ఒంటి బరువు 6 శాతం తగ్గేసరికే కుంటడం తగ్గినట్టు కొలిచి చూపించారు. 38 కిలోల దానికి అది 2.3 కిలోలు. ఆ రెండేళ్లు నొప్పి లేకుండా నడవాలనే నేనూ అడిగేది.

సుజాత గారూ, బరువు తగ్గించే డ్రై ఫుడ్‌లో 100 గ్రాములకు 300 కేలరీలు, 30 శాతం ప్రొటీన్ ఉన్నది చూసుకోండి. రోజుకు 260 గ్రాములు, కప్పుతో కాదు, వంటింటి డిజిటల్ కాటా మీద. మిగిలిన పది శాతంలో 150 గ్రాముల ఉడికించిన బీన్స్, 60 గ్రాముల పెరుగు. బీన్స్‌లో ఉప్పు, తాలింపు, ఉల్లి, వెల్లుల్లి వద్దు. మూడు నాలుగు పూటలుగా పంచితే ఆకలి అంతగా తెలియదు. పాత తిండి నుంచి పది రోజుల్లో మెల్లగా మార్చండి, లేకపోతే విరేచనాలు పట్టుకుంటాయి.

రెండు వారాలకోసారి ఒకే కాటా మీద తూచండి, బెంగళూరు హెబ్బాళ్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రిలోనో, దగ్గరి క్లినిక్‌లోనో. వారానికి 200 నుంచి 400 గ్రాములు తగ్గితే చాలు. అసలు తగ్గకపోతే బ్రెడ్డు ఎవరు పెడుతున్నారో కనుక్కోండి, అప్పటికీ కదలకపోతే డాక్టరుతో మాట్లాడి పది శాతం కోయండి. వారానికి 750 దాటి తగ్గితే తిండి పెంచండి.

జయనగర్_వాణి: ల్యాబ్ అడుక్కుంటే తిండి చాలలేదనుకోకండి. నాలుగింట ఒక ల్యాబ్‌లో పీఓఎంసీ అనే జన్యువులో ఒక ముక్క లోపించి ఉంటుందని 2016లో తేల్చారు. వాటికి పూటకూ పూటకూ మధ్య ఆకలి ఎక్కువ.

పల్లె_రాఘవ: బస్తా విషయంలో నా మాట అదే. ఆ 60 గ్రాముల పెరుగు నాన్నగారే కలుపుతారంటే మాత్రం సరే. ఏ పాలతో తోడు పెట్టాలి?

తూకం_మూర్తి: నందిని నీలం ప్యాకెట్, 3 శాతం కొవ్వు. గేదె పాల మీగడ పెరుగైతే కేలరీలు దాదాపు రెట్టింపు, 30 గ్రాములే వేయండి.