అప్‌డేట్: ఏడాదిన్నర పాపతో అరకు వెళ్లొచ్చాం

పోయిన నెల అడిగాను కదా, పాపతో అరకు వెళ్తున్నాం, రిసార్ట్ కాటేజీ మేలా, వంటగది ఉన్న హోమ్‌స్టే మేలా అని. ఎక్కువమంది వంటగదికే ఓటేశారు. అదే తీసుకున్నాం.

ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం. ఘాట్ రోడ్డు మలుపులకి పాప రెండుసార్లు వాంతి చేసుకుంది. చేరేసరికి నీరసం. బియ్యం, పెసరపప్పు కుక్కర్లో మెత్తగా ఉడికించి, నెయ్యేసి మెదిపి పెడితే గిన్నె ఖాళీ చేసింది. కుక్కర్ మాత్రం ఇంటి నుంచే తీసుకెళ్లండి, అక్కడున్నదానికి గ్యాస్కెట్ లేదు. పొద్దున్నే కరెంటు పోయి గీజర్ పనిచేయకపోయినా, పాప స్నానానికి నీళ్లు స్టవ్ మీదే కాచుకున్నాం.

నేను అడగడం మర్చిపోయింది బాల్కనీ గురించి. ఫొటోలో లోయ భలే ఉంది గానీ, రెయిలింగ్ కమ్మీల మధ్య పాప తల దూరేంత సందు! మావారు నా చున్నీలు రెండు అడ్డంగా కట్టారు. అయినా టెన్షన్ తగ్గక మూడు రోజులూ ఆ తలుపుకి గడియే. డబ్బు కట్టింది ఆ వ్యూ కోసమే మరి! ఈసారి బుక్ చేసే ముందు రెయిలింగ్‌ని దగ్గర నుంచి వీడియో తీసి పంపమంటాను.

బొర్రా గుహల్లో అన్నీ మెట్లే, స్ట్రోలర్ కారు దిగలేదు. మేమిద్దరం వంతులేసుకుని చూశాం.

తిరుగు ప్రయాణంలో మావారు కారు తెచ్చారు, నేనూ పాపా విశాఖకి రైలెక్కాం. ఒక్క వాంతి లేదు. సొరంగం వచ్చినప్పుడల్లా "చీకతీ" అని ఒకటే చప్పట్లు.