బార్ ఉన్న గెలాక్సీలోనే నల్లబిలం మేల్కొంటుందా?

తారాపథం:
ఎన్‌జీసీ 1365 గెలాక్సీ ఫొటో చూడండి. దాదాపు 5.6 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. నడుమ పొడవాటి నక్షత్రాల పట్టీ, అదే బార్. దాని మధ్యలో చురుకైన కేంద్రం, అంటే నల్లబిలం వాయువును మింగుతూ వెలిగే చోటు. బార్ వాయువును లోపలికి తోలుతుంది, నల్లబిలానికి అదే మేత. అసలు కారణం బారే అని నా వాదన.

అరుంధతి:
ఒప్పుకోలేనండీ. ఎన్‌జీసీ 1300కి అంత అందమైన బార్ ఉన్నా కేంద్రం చురుగ్గా ఉన్న ఆనవాళ్లు దొరకలేదు. మన పాలపుంతకూ బార్ ఉంది. మధ్యలో 40 లక్షల సూర్యులంత బరువున్న నల్లబిలం మాత్రం చప్పుడు చేయడం లేదు. ఎం87 గెలాక్సీకి బారే లేదు, అయినా దాని కేంద్రం జెట్, అంటే పదార్థపు సన్నటి ధార, చిమ్ముతోంది!

తారాపథం:
మరి లెక్కల సంగతి? 2000లో నేపెన్ బృందం చూసిన సీఫర్ట్ గెలాక్సీల్లో (చురుకైన కేంద్రం ఉన్న ఒక రకం) సుమారు 80 శాతానికి బార్లున్నాయి, మామూలువాటిలో 60 శాతానికే.

అరుంధతి:
1997లో హో, ఫిలిపెంకో, సార్జెంట్‌లకు వాళ్ల సర్వేలో బార్ ప్రభావం కనబడలేదు కదా. అయినా నాకు లెక్కల కంటే వాయువు దారి ముఖ్యం. బార్ గురుత్వం వాయువు కోణీయ ద్రవ్యవేగాన్ని, అంటే చుట్టూ తిరిగే ఊపును, లాగేసుకుంటుంది, దాంతో అది లోపలికి జారుతుంది. కానీ కేంద్రం ఇంకా చాలా దూరం ఉండగానే వలయంలా పోగుపడుతుంది. ఎన్‌జీసీ 1097లో ఆ వలయం ఈ చివరి నుంచి ఆ చివరికి సుమారు 5,000 కాంతి సంవత్సరాలు. అక్కడే కొత్త నక్షత్రాలు పుట్టి చాలా వాయువును వాడేసుకుంటాయి. కాలువ నీళ్లు చెరువులో పడినంత మాత్రాన చివరి మడి తడవదు కదా.

రేచుక్క:
చెరువు నుంచి మడికి పిల్లకాలువ ఉండొచ్చు. బార్ లోపల ఇంకో చిన్న బార్ ఆ పని చేస్తుందని 1989లోనే ష్లోస్మన్, ఫ్రాంక్, బెగెల్‌మన్ ప్రతిపాదించారు. కాలం సంగతీ చూడాలి. బార్ వందల కోట్ల ఏళ్లు నిలవగలదు, నల్లబిలం ఒక విడత మేత అంతకాలం సాగదు. పాలపుంతకు పైనా కిందా 25,000 కాంతి సంవత్సరాల చొప్పున ఉబ్బిన ఫెర్మీ బుడగలు (గామా కిరణాల్లో కనిపించే భారీ బుడగలు) 2010లో బయటపడ్డాయి. అవి నల్లబిలం పాత విజృంభణ గుర్తులే అయితే, అరుంధతి గారి పాలపుంత ఉదాహరణ నిలవదు.

తారాపథం:
సరే, ‘అసలు కారణం’ అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఎన్‌జీసీ 1097లో వలయం దాటి సన్నటి ధూళిపాయలు మెలికలు తిరుగుతూ కేంద్రం వైపు వెళ్తున్నాయి. చెరువు నింపింది బారే. ఆ మాట మాత్రం వదలను.