గ్రూప్ లోన్ తీసుకుంటే ఆడమనిషి వ్యాపారం నిలబడుతుందా, మునుగుతుందా?

మారతహళ్ళి కర్రీ పాయింట్:
మాది కదిరి దగ్గర పల్లె. ఇక్కడ బెంగళూరులో ఆర్నెల్లుగా కర్రీ పాయింట్ నడుపుతున్నా. పీజీల్లో ఉండే పిల్లలే గిరాకీ. పచ్చళ్ళు, ఇడ్లీ పిండి కూడా పెడదామంటే పెద్ద గ్రైండరు, ఇంకో స్టవ్ కావాలి. మా వీధి ఆడవాళ్ళు పదిమంది ఒక మైక్రోఫైనాన్స్ కంపెనీ (చిన్న అప్పులిచ్చే కంపెనీ) గ్రూప్ లోన్‌లో ఉన్నారు, నన్నూ చేరమంటున్నారు. 50,000 ఇస్తారట, వారం వారం 52 కంతులు, వడ్డీ నూటికి రూపాయేనట. మా ఆయన తీసుకోమంటాడు, మా అమ్మ వద్దంటుంది. అనుభవం ఉన్నోళ్ళు చెప్పండి.

కేఆర్ మార్కెట్ పూలు:
తీసుకో చెల్లీ. పూలమ్మడం మొదలుపెట్టినప్పుడు పొద్దున 900 చేతిలో పెట్టి సాయంత్రం 1000 పట్టుకుపోయేవాళ్ళ దగ్గరే తెచ్చేదాన్ని. ఎండలో కూర్చున్నది నేను, లాభం వాళ్ళది. గ్రూప్ లోన్ వచ్చాకే ఆ పీడ వదిలింది. తాకట్టు అడగలేదు, తిప్పించుకోలేదు.

పాత డ్వాక్రా లీడరు:
పూలకు సరిపోయిన అప్పు గ్రైండరుకు సరిపోదమ్మా. పూలు పొద్దున కొంటే రాత్రికల్లా డబ్బు. నీ పచ్చడి ఊరి, నలుగురి నోట పడి, డబ్బై తిరిగొచ్చేసరికి రెండు నెలలు. కంతు మాత్రం వచ్చే వారం నుంచే. అది కట్టడానికి ఇంకో గ్రూపులో చేరతావు. 2010కి ముందు అనంతపురం జిల్లాలో ఒక్కో ఇంట్లో మూడు నాలుగు కంపెనీల పుస్తకాలు చూశాన్నేను. ఒకామె కట్టకపోతే తక్కినవాళ్ళంతా పోయి ఆమె గడపలో కూర్చోవాలి. కలిసి నీళ్ళు మోసినవాళ్ళు మాటలు మానేశారు.

2010 అక్టోబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ కంపెనీల మీద ఆర్డినెన్స్ తెచ్చింది. ఇళ్ళమీదికి పోకూడదు, వసూలు నెలకోసారే అంది. జనం కట్టడం మానేశారు, కంపెనీలు ఇవ్వడం మానేశాయి. నిజంగా వ్యాపారం చేసుకునేవాళ్ళకూ అప్పు పుట్టలేదు, అదీ ఒప్పుకుంటా. మా డ్వాక్రా సంఘంలో అయితే ముందు నెలనెలా పొదుపు, ఆ తర్వాతే అప్పు. ఎవరికెంతో మేమే కూర్చుని తీర్మానం రాసుకునేవాళ్ళం. అప్పట్లో బ్యాంకు లోన్ సకాలంలో కడితే పావలా వడ్డీయే పడేది.

ఒక్కటడుగుతా, దాచకుండా చెప్పు. ఆ 50,000లో గ్రైండరుకు పోయేదెంత?

బ్యాంకులో రిటైరయ్యా:
నూటికి రూపాయి లెక్క చూద్దాం. ఏడాదికి 6,000 వడ్డీ, వారానికి దాదాపు 1,077. కానీ అసలు వారం వారం తిరిగిచ్చేస్తున్నారు, 50,000 ఏడాదంతా మీ దగ్గర ఉండదు. అసలైన వడ్డీ 22 శాతం పైనే. ఫీజులు వేరే. 2022 ఏప్రిల్ నుంచి రిజర్వ్ బ్యాంకు నియమం ప్రకారం ఖర్చులన్నీ కలిపి ఏడాది వడ్డీ ఎంతో కాగితం మీద ఇవ్వాలి. అడగండి. ఇంటి కంతులన్నీ కలిపినా నెల ఆదాయంలో సగం దాటకూడదు. చిన్న వ్యాపారాలకు బ్యాంకులిచ్చే ముద్రా పథకంలో శిశు లోన్ 50,000 వరకు తాకట్టు లేకుండానే ఇవ్వాలి.

కేఆర్ మార్కెట్ పూలు:
సార్, ముద్రా అని బ్యాంకుకు మూడుసార్లు పోయా. రెంట్ అగ్రిమెంట్ తే, కరెంటు బిల్లు తే, మేనేజర్ లేడు, రేపు రా. మూడు రోజుల బేరం పోయింది. గ్రూపు వాళ్ళు నా బుట్ట దగ్గరికే వచ్చారు. 22 శాతమే కావచ్చు, వచ్చింది వాళ్ళు.

బ్యాంకులో రిటైరయ్యా:
కాదనలేనమ్మా. 50,000 ఫైలుకూ 5 లక్షల ఫైలుకూ పని ఒకటే. చిన్నవి పక్కన పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నా, ఇప్పుడు బాధగా ఉంది. కర్రీ పాయింట్ అమ్మా, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాన్ని ప్రభుత్వం దగ్గర నమోదు చేయించడం) ఉచితం, ముందది చేయించి వెళ్ళండి. లోన్ ఇవ్వకపోతే కారణం రాసిమ్మనండి.

మారతహళ్ళి కర్రీ పాయింట్:
లీడరక్కా, మీరడిగాక నిన్న రాత్రి ఇంట్లో కూర్చుని లెక్క రాశాం. గ్రైండరు, స్టవ్ కలిపి 28,000. మిగిలింది మా మరిది ఆటో కంతులకనుకున్నారట, నాకు చెప్పలేదు. అప్పు నా పేరున, కంతు నా కూరల మీద. చాలాసేపు ఏడ్చా.

సెకండ్ హ్యాండ్ గ్రైండరు 14,000కి ఉంది. నా చీటీ డబ్బు వచ్చే నెల వస్తుంది, దాంతో కొంటా. పిండి ఒక్కటే మొదలుపెడతా, పచ్చళ్ళు తర్వాత. సోమవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక బ్యాంకుకు పోతున్నా. పూలక్కా, ఆ రోజు నీకు కుదిరితే తోడు రా.