చీనీ చెట్టు పాదులో దొరికిన మట్టి నల్లి: శరీర వర్ణన ఎలా రాయాలి?

చీనీతోట, నార్పల

అందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లా నార్పల దగ్గర ఒక పల్లె. జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ పూర్తిచేసి ఇంటి దగ్గరే పోటీ పరీక్షలకు చదువుకుంటున్నాను. మా గురువుగారు ఇచ్చిన పాత మైక్రోస్కోపు ఒకటి ఉంది. రాత్రి పూట దాని ముందు కూర్చోకపోతే నాకు రోజు పూర్తయినట్టు ఉండదు.

ఆగస్టులో మంచి వాన పడిన మూడో రోజు మా తోటలో పాత చీనీ (బత్తాయి) చెట్టు పాదులోంచి మగ్గిన ఆకులనూ, వాటి కింద రెండు వేళ్ల లోతు మట్టినీ తెచ్చాను. ఇరవై లీటర్ల నీళ్ల డబ్బాను అడ్డంగా కోసి, మూతి కిందికి వచ్చేలా తిప్పి, లోపల జల్లెడ పెట్టి, పైన 40 వాట్ల బల్బు వేలాడదీశాను. 1905లో ఇటలీ శాస్త్రవేత్త బెర్లీస్ చేసిన గరాటుకు ఇది మా ఇంటి రూపం. పైనుంచి వేడి తగిలి ఆకులు ఎండేకొద్దీ లోపలి జీవులు తేమ కోసం కిందికి దిగుతాయి, చివరికి అడుగున ఉన్న ఆల్కహాలు సీసాలో పడతాయి. ఐదో రోజుకు సీసా అడుగున ఏడు మట్టి నల్లులు (మంచం నల్లులు కావు, ఇంగ్లిషులో మైట్స్ అనేవి), అన్నీ ఒకే రకానివి, కనిపించాయి.

ఒక్కొక్కటి ఆవగింజలో నాలుగో వంతు ఉంటుంది. వీపు గుండ్రంగా, చింతపిక్క రంగులో, చింతపిక్కలాగే మెరుస్తుంది. భుజాల దగ్గర రెండు పక్కలా చెవుల్లాంటి రేకులు కిందికి వాలి ఉంటాయి. మరో గుప్పెడు ఆకుల్లో ప్రాణంతో ఉన్నది ఒకటి దొరికింది. సూది మొనతో తాకగానే ఎనిమిది కాళ్లనూ లోపలికి ముడుచుకుని ఆ రేకులను తలుపుల్లా దించేసింది. నేను ఊపిరి బిగబట్టి చూస్తుంటే చాలాసేపటికి ఒక కాలు మాత్రం బయటికి వచ్చింది.

మా నాన్న సీసా చూసి "మంగు నల్లి కాదు కదా?" అన్నారు. కాయ మీద మంగు తెచ్చే నల్లికి రెండు జతల కాళ్లే ఉంటాయని, అది సన్నగా పురుగులా ఉంటుందని, ఇది కుళ్లిన ఆకులనూ వాటి మీది బూజునూ తిని బతికేదని చెబితే గానీ ఆయన మందు డబ్బా కింద పెట్టలేదు.

గుర్తింపు పట్టిక ప్రకారం ఇది ఒరిబాటిడ్ అనే మట్టి నల్లుల్లో గాలుమ్నిడే కుటుంబానికి చెందినది. నా దగ్గరున్న జాతుల వర్ణనల్లో దేనితోనూ పూర్తిగా కలవడం లేదు. కొత్త జాతి అయి ఉండవచ్చని ఆశగా ఉంది. నాలుగు పేజీల వర్ణన రాశాను. చదివిన స్నేహితురాలు బాగుంది కానీ కథలా ఉందంది. వర్ణన ఎక్కడ మొదలుపెట్టాలి? ఏవి తప్పనిసరి? ముందు తెలుగులో ఆలోచించి రాసుకోవాలని నా కోరిక. దయచేసి తెలిసినవారు చెప్పండి.

పాత సూక్ష్మదర్శిని, కర్నూలు

అమ్మా, నేను ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. నీ చింతపిక్క చదవగానే జీవి కళ్ల ముందు నిలబడింది. దాన్ని కొట్టేయవద్దు, అయితే వర్ణన దానితో మొదలుకాకూడదు. అప్పుడే కుబుసం విడిచిన పెద్ద నల్లి లేత రంగులో ఉంటుంది, కొన్నాళ్లకు ముదురుతుంది. రంగు వయసును బట్టి మారుతుంది. శూకాల (ఒంటి మీది సన్నని వెంట్రుకల) సంఖ్య, అవి మొలిచిన చోటు అలా మారవు.

"కొత్త జాతి" అన్న మాటను కొన్నాళ్లు పక్కన పెట్టు. గాలుమ్నిడేలో వందలకొద్దీ జాతులున్నాయి. వాటి వర్ణనలు ఫ్రెంచిలో, జర్మన్‌లో, రష్యన్‌లో, ఇంగ్లిషులో చెల్లాచెదురుగా ఉన్నాయి. రేపు ఎక్కడో ఒకరు తన దగ్గరున్న నల్లిని నీ బొమ్మ పక్కన పెట్టుకుని ఒక్కొక్క శూకాన్నీ సరిచూసుకుంటారు. నువ్వు రాసేది ఆ మనిషి కోసం.

ముందు నల్లిని పారదర్శకం చేయాలి. మధ్యలో గుంట ఉన్న గాజు పలక మీద లాక్టిక్ ఆమ్లం చుక్క వేసి అందులో నల్లిని ఉంచు. కవర్ స్లిప్పు (పైన కప్పే పల్చని గాజు రేకు) గుంటను సగం వరకే కప్పాలి. ఇలాంటి ముదురు నల్లికి కొన్ని రోజులు పడుతుంది, సన్నని వేడి తగిలిస్తే త్వరగా తేటపడుతుంది. అప్పుడు స్లిప్పును సూదితో వెంట్రుక వాసి జరిపితే లోపలి నల్లి దొర్లుతుంది. వీపు, పక్క, అడుగు, మూతి, అన్నీ ఒకే జీవిలో చూడవచ్చు. నొక్కి అతికించిన స్లైడు మీద ఈ సౌకర్యం ఉండదు. నా మొదటి మూడు నల్లులనూ అలా నొక్కే పాడుచేసుకున్నాను, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

రాసే క్రమం అందరూ పాటించేదే: కొలతలు, పెంకు ఉపరితలం, ముందు కవచం, వీపు కవచం, అడుగు భాగం, నోటి భాగాలు, కాళ్లు. పొడవును మూతి కొన నుంచి వీపు కవచం వెనక అంచు వరకు మైక్రోమీటర్లలో కొలవాలి. ఏడింటినీ కొలిచి కనిష్ఠం, గరిష్ఠం రెండూ రాయి.

ముందు కవచం దగ్గర ఆగి నిదానంగా చూడు. దాని వెనక అంచున ఇరువైపులా చిన్న గిన్నెల్లాంటి గుంటలుంటాయి, వాటిని బోత్రీడియం అంటారు. ఒక్కో గిన్నెలోంచి ఒక్కో ప్రత్యేకమైన శూకం లేస్తుంది, అదే సెన్సిల్లస్. గాలి కదలికను పట్టే అవయవం అది. దాని కొన కుదురులా ఉబ్బిందా, గదలా ఉందా, సన్నని దారంలా సాగిందా? దాని మీద ముళ్లున్నాయా? ఎంత పొడవు? జాతులను విడదీసేటప్పుడు మొదట అడిగే ప్రశ్నలు ఇవి. నీ నాలుగు పేజీల్లో దీనికి ఎన్ని వాక్యాలిచ్చావో నాకు తెలియదు, ఒక పేరా అయినా ఇవ్వు.

వీపు కవచం మీద శూకాలు కనిపించడం లేదని నిరాశపడకు. ఈ కుటుంబంలో చాలా జాతులకు వీపు శూకాలు క్షీణించి, అవి మొలవవలసిన చోట సూది గుచ్చినట్టు గుంటలు మాత్రం మిగిలాయి. ఆ గుంటలను లెక్కపెట్టు. వాటితో పాటు సన్నని రంధ్రాలు గుంపుగా ఉన్న మచ్చలుంటాయి, ఏరియా పొరోసా అంటారు. సాధారణంగా నాలుగు జతలు. ఒక్కోటి గుండ్రమా, కోలగా ఉందా, ఎంత వెడల్పో రాయి. అడుగున జననాంగ పలకల మీద శూకాలు ఒక్కో పక్క ఎన్ని, ఆసన పలకల మీద ఎన్ని, చుట్టూ ఎన్ని అన్నవి అంకెలుగా చాలు. వాటికి పెద్ద వాక్యాలు అక్కరలేదు.

కాళ్లకు మాత్రం ఓపిక కావాలి. ఫ్రాన్సుకు చెందిన గ్రాంజాన్ (1882–1975) దశాబ్దాల పాటు ఈ నల్లుల మీదే పనిచేశాడు. కాలి మీద ప్రతి శూకానికీ ఒక చిరునామా ఉందని, పిల్ల దశ నుంచి పెద్దయ్యే వరకు దాన్ని వెంబడించవచ్చని చూపినవాడు ఆయన. మనం వాడే గుర్తులు చాలావరకు ఆయనవే. నీ మైక్రోస్కోపులో కాంతి మార్గంలో ఒకటి, కంటి దగ్గర ఒకటి పోలరాయిడ్ రేకులు ఒకదానికొకటి అడ్డంగా పెట్టి చూడు. చీకట్లో మామూలు శూకాలు వెలుగుతాయి. వాసన పట్టే ప్రత్యేక శూకాలు, సొలెనిడియాలు, వెలగవు. మొదటిసారి చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

బొమ్మ చేత్తోనే వెయ్యి. ఫోనుతో ఫోటో తీసుకో, అది సాయానికే. ఫోటోలో లోతు ఒక్క పొరే వస్తుంది. ఫైన్ స్క్రూ (ఫోకస్‌ను కొంచెం కొంచెంగా మార్చే మర) తిప్పుతూ పది పొరలను ఒకే గీతలోకి తెచ్చేది నీ చెయ్యి.

మందల వెంట, కళ్యాణదుర్గం

అమ్మాయీ, నేను పశువైద్య విభాగంలో పనిచేస్తున్నాను. మీ తోటలోకి గొర్రెలను తోలుతారా? గొర్రెలకు వచ్చే మోనీజియా బద్దె పురుగు మధ్యలో ఆశ్రయించేది ఈ ఒరిబాటిడ్ నల్లులనే. 1937లో అమెరికా శాస్త్రవేత్త స్టంకర్డ్ దీన్ని తేల్చాడు, అందులో నీ నల్లి కుటుంబానికే చెందిన గాలుమ్నా నల్లులకూ ముఖ్య పాత్ర ఉంది. గొర్రె పేడలో బియ్యపు గింజల్లా పడే బద్దె ముక్కల్లోని గుడ్లను నల్లి తింటుంది. పిల్ల పురుగు నల్లి ఒంట్లో పెరుగుతుంది. గడ్డితో పాటు నల్లి గొర్రె కడుపులోకి పోతుంది. మేము ఏటా నట్టల మందు తాగిస్తాం, కానీ ఏ నేలలో ఏ నల్లి ఉందో మన జిల్లాలో ఎవరైనా చూసి చెబితే మాకు ఎంతో మేలు. లాక్టిక్ ఆమ్లంలో వేసే ముందే ఒకటి రెండింటిని నీటిలో విప్పి లోపల ఆ పిల్ల పురుగుల గుండ్రని తిత్తులున్నాయేమో చూడగలవా?

నమూనాల పెట్టె, కడప

ఒక మాట ముందుగా చెప్పాలి. సీసాలో వేసే చీటీని పెన్సిలుతో రాయండి. బాల్‌పెన్ను సిరా ఆల్కహాలులో కరిగిపోతుంది. ఊరు, అక్షాంశ రేఖాంశాలు, తేదీ, చెట్టు, ఎంత లోతు, ఎవరు సేకరించారు, ఇవన్నీ ఆ చీటీ మీదే ఉండాలి. జాతికి ఆధారంగా నిలిచే ఒక్క ప్రతిని హోలోటైపుగా ప్రకటించాలి, మిగతావి పారాటైపులు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం కొత్త జాతిని కనుగొన్నవారు నిర్దేశించిన సంస్థకు తెలియజేసి నమూనాలను అప్పగించాలి. జంతువుల విషయంలో కోల్‌కతాలోని జువాలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఉంది. ఇంటి అలమారులో పెట్టుకోవద్దు. మరో సంగతి, అభయారణ్యంలో మట్టి తీయాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి. సొంత తోట కాబట్టి మీకు ఆ ఇబ్బంది లేదు.

చీనీతోట, నార్పల

సార్, పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను. మూడు నల్లులు తేటపడ్డాయి. పొడవు 431 నుంచి 456 మైక్రోమీటర్లు, వెడల్పు 318 నుంచి 340. ఏడో నల్లిని గుంటలోకి దించుతూ స్లిప్పు కింద నలిపేశాను, ఆ రోజంతా మనసు బాగాలేదు.

సెన్సిల్లస్ గురించి నేను రాసింది ఒక్క వాక్యం, అదీ "పొడవైన శూకం" అని. ఇప్పుడు చూస్తే కాడ సన్నగా వంగి, కొన కంకిలా ఉబ్బి, ఆ కంకి ఒక పక్కనే చిన్న ముళ్లు వరుసగా ఉన్నాయి. ఎడమా కుడీ ఒకేలా ఉన్నాయి.

వీపు గుంటలు తొమ్మిది జతలని నమ్మకంగా రాశాను. నల్లిని పక్కకు దొర్లించి చూసేసరికి చెవి రేకు కీలు దగ్గర, నీడలో, పదోది ఉంది. రెండో నల్లిలోనూ మూడో దానిలోనూ అదే చోట ఉంది. బొమ్మ గీస్తుండగానే అది దొరికింది. ఆ చోట గీత ఎటు పోవాలో తెలియక మళ్లీ మళ్లీ కంటిని ఆనించి చూశాను.

జననాంగ పలకల మీద ఒక్కో పక్క ఆరు, ఆసన పలకల మీద రెండు, చుట్టూ మూడు. పోలరాయిడ్ రేకులు పాత పోలరాయిడ్ చలువ కళ్లద్దాలలోంచి కోసి పెట్టాను. మొదటి కాలు కొన మీద నక్షత్రాలు మొలిచినట్టు శూకాలు వెలిగాయి, వాటి మధ్య రెండు సొలెనిడియాలు నల్లగా ఉండిపోయాయి. మా నాన్నను నిద్ర లేపి చూపించాను.

ఒక సందేహం మిగిలింది. రంధ్రాల మచ్చలు రెండు నల్లుల్లో నాలుగు జతలే. మూడోదానిలో మాత్రం ఎడమ పక్క రెండో మచ్చ రెండుగా చీలి ఉంది. కుడి పక్క మామూలే.

కళ్యాణదుర్గం అన్నా, మా తోటలోకి చలికాలంలో గొర్రెలను తోలుతారు. రెండింటిని విప్పి చూశాను, తిత్తులు లేవు. రెండు నల్లులతో ఏమీ చెప్పలేం కదా, అందుకే గొర్రెలు పడుకునే చోటి మట్టిని ఈ రోజు గరాటులో వేశాను.

పాత సూక్ష్మదర్శిని, కర్నూలు

చీలిన మచ్చను అలాగే గియ్యమ్మా, సరిచేయకు. "ఒక ప్రతిలో ఎడమ పక్క రెండుగా చీలి ఉంది" అని రాయి. హోలోటైపుగా మాత్రం మిగతా రెండింటిలో ఒకదాన్ని ఎంచుకో. తేటపడిన ఒంట్లో గుడ్లు కనిపిస్తే అది ఆడది, అదీ రాయాలి. వీపు వెనక భాగంలో నడిమధ్య ఒక సూక్ష్మ రంధ్రం ఉందేమో కూడా చూడు. ఈ కుటుంబంలో కొన్ని జాతుల మగవాటిలో అది ఉంటుంది.

పిల్లలు కనిపిస్తే పారేయకు. వాటికి చెవి రేకులు ఉండవు, మెత్తగా తెల్లగా ఉంటాయి, మొదటి దశలో కాళ్లు ఆరే. తల్లితో ఏ పోలికా లేక వేరే జీవి అనుకుంటారు.

చీనీతోట, నార్పల

సార్, మొదటిదానిలో రెండు గుడ్లున్నాయి! శూకాలు లెక్కపెట్టే తొందరలో వాటిని నూనె బొట్లు అనుకుని వదిలేశాను. మూడోదానిలో గుడ్లు లేవు, వెనక నడిమధ్య రంధ్రం ఉంది.

తెల్లగా, మెత్తగా, ఆరు కాళ్లతో ఉన్నది ఒకటి మొదటి సీసాలోనే ఉంది. వేరే జీవి అనుకుని పక్క సీసాలోకి మార్చాను. ఇప్పుడే దాన్ని తిరిగి వెతుకుతున్నాను.