దుప్పి తలకు చెవులు కుదరడం లేదు, ఎవరైనా చెప్పండి

సిరోంచ నుంచి: స్కూల్ ఎగ్జిబిషన్ కోసం కాగితం గుజ్జుతో దుప్పి తల చేస్తున్నాను. మొహం, కళ్లు బాగానే వచ్చాయి కానీ చెవులు మాత్రం అట్టముక్కలు అతికించినట్టు ఉన్నాయి, మూడుసార్లు పీకి మళ్లీ పెట్టాను. ఆదివారానికి పూర్తి కావాలి, టెన్షన్‌గా ఉంది.

అహేరి నుంచి: తమ్ముడూ, తేడా చెవిలో కాదు, దాని మొదట్లో ఉంది. జింక చెవి కింద గొట్టంలా మొదలై పైకి విచ్చుకుంటుంది, ఆ మొదలు చుట్టూ కండ ఉబ్బుగా ఉంటుంది, చెవి ఎటు తిరిగితే ఆ ఉబ్బూ అటే తిరగాలి. మ్యూజియంలకు నిజం చర్మంతో చేసేవాళ్లు కూడా అక్కడ మట్టి కూరుతారు, ఆరేటప్పుడు చెవి ముడుచుకోకుండా అట్టలు పెట్టి పిన్నులు గుచ్చుతారు. నీకు ఎవరైనా నిజం తోలు ఇస్తామన్నా ముట్టుకోకు, 1972 వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది.

చంద్రపూర్ నుంచి: రెండు చెవులూ ఎప్పుడూ ఒకే కోణంలో ఉండాలని లేదు. అలికిడి విని నిలబడ్డ దుప్పికైతే రెండూ ముందుకే ఉంటాయి, నింపాదిగా ఉన్నప్పుడు ఒకటి ముందుకు, ఒకటి పక్కకు. తాడోబా అడవిలో కళ్లారా చూశాను.

సిరోంచ నుంచి: ఆ ఉబ్బు నేను అసలు పెట్టనేలేదు అన్నా! ఈ రాత్రే పెడతాను.