ఐరోపా ప్రాంతీయ నిధులు: వెనకబడిన ప్రాంతం చేతికా, దేశ రాజధాని చేతికా?

గోదావరి గట్టు:

2025 జులైలో ఐరోపా సమాఖ్య కార్యనిర్వాహక విభాగమైన ఐరోపా కమిషన్ 2028–2034 బడ్జెట్ ప్రతిపాదన బయటపెట్టింది. వెనకబడిన ప్రాంతాల నిధులనూ వ్యవసాయ నిధులనూ కలిపి 86,500 కోట్ల యూరోల మూట కట్టి, దేశానికొక ప్రణాళిక చొప్పున ప్రభుత్వాలకు అప్పగిస్తారట. సరళీకరణ అని దానికి పేరు పెట్టారు. నాకు మాత్రం యాభై ఏళ్లు నడిచి మళ్లీ బయలుదేరిన వీధికే చేరినట్టుంది. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

ప్రాంతాల మధ్య తేడాలు తగ్గించాలన్న మాట ఈ సమాఖ్యకు పునాది వేసిన 1957 రోమ్ ఒప్పందం పీఠికలోనే ఉంది. అయితే దానికోసం ప్రత్యేకంగా నిధి ఏదీ పెట్టలేదు. 1973లో బ్రిటన్ చేరాక పేచీ మొదలైంది. అప్పట్లో ఉమ్మడి ఖజానాలో సింహభాగం సాగు సబ్సిడీలకే పోయేది. బ్రిటన్ వ్యవసాయం చిన్నది కనుక పెట్టేది ఎక్కువ, రాబట్టుకునేది తక్కువ. ఆ లోటు కొంతైనా పూడ్చడానికి 1975లో ప్రాంతీయాభివృద్ధి నిధి పుట్టింది. మూడేళ్లకు 130 కోట్ల లెక్క యూనిట్లు (అప్పటికింకా యూరో లేదు). ఇటలీకి 40 శాతం, బ్రిటన్‌కు 28, ఫ్రాన్స్‌కు 15 అని వాటాలు ముందే తెగ్గొట్టారు. ప్రభుత్వాలు ఎలాగూ వేయబోయే రోడ్డు తాలూకు బిల్లును సమాఖ్య కేంద్రమైన బ్రస్సెల్స్‌కు పంపి డబ్బు తెచ్చుకునేవి. ఆ రోడ్డు పక్క ఊరి మనిషికి ఇందులో మాట లేదు.

అసలు మలుపు 1988 సంస్కరణ. అంతకు రెండేళ్ల ముందే స్పెయిన్, పోర్చుగల్ చేరాయి. సరిహద్దుల్లేని ఒకే మార్కెట్ వస్తే బలహీన ప్రాంతాలు నలిగిపోతాయన్న భయం ఉంది. జాక్ డెలోర్ అధ్యక్షుడిగా ఉన్న కమిషన్ నిధులను రెట్టింపు చేయించింది: 1989–93కు 6,400 కోట్ల ఎక్యూలు (యూరోకు ముందున్న లెక్క యూనిట్), తరువాతి ఆరేళ్లకు 16,800 కోట్లు. కానీ నా దృష్టిలో డబ్బుకన్నా నియమాలే ముఖ్యం. తలసరి ఉత్పత్తి సమాఖ్య సగటులో 75 శాతానికి లోబడిన ప్రాంతాలకే పెద్దపీట వేయాలి. విడి పనులకు కాక, ఏళ్ల తరబడి నడిచే కార్యక్రమానికి డబ్బివ్వాలి. స్థానిక సంస్థలను బల్ల దగ్గర కూర్చోబెట్టాలి. అన్నిటికీ మించి, బ్రస్సెల్స్ ఇచ్చే సొమ్ము ప్రభుత్వ ఖర్చుకు అదనం కావాలే తప్ప, దానికి బదులు కాకూడదు.

ఈ చివరి నియమం మీద ఒక యుద్ధమే జరిగింది. బొగ్గు గనులు మూతపడ్డ ఊళ్ల కోసం రేషార్ అనే పథకం ఉండేది. బ్రిటన్ ఖజానా శాఖ ఆ సొమ్మును తన ఖర్చులో కలిపేసుకుంటోందని ప్రాంతీయ విధాన కమిషనర్ బ్రూస్ మిలన్ చెల్లింపు ఆపేశాడు. ఆయనే ఒకప్పుడు లండన్ ప్రభుత్వంలో స్కాట్లండ్ మంత్రి, ఆ ఖజానా ఎలా పనిచేస్తుందో ఎరిగినవాడు. గని ఊళ్ల పురపాలక సభ్యులు సొంత ప్రభుత్వాన్ని కాదని బ్రస్సెల్స్ పక్షాన నిలబడ్డారు. 1992 ఎన్నికల ముంగిట లండన్ దిగొచ్చింది. ప్రాంతానికి సొంత కుర్చీ ఉన్నప్పుడే ఇలాంటిది సాధ్యం. ఆ కుర్చీ ఇప్పుడు తీసేస్తున్నారన్నదే నా బాధ.

పాత లెక్కలు:

గట్టు గారూ, కథ బాగా చెప్పారు. నేను ముప్పై ఏళ్లు లెక్కల తనిఖీలో పనిచేసినవాణ్ణి కనుక రెండో పుట చదువుతాను.

సమాఖ్య లెక్కలు తనిఖీ చేసే ఐరోపా ఆడిటర్ల కోర్టు 2014లో అయిదు దేశాల్లో 20 విమానాశ్రయాలను పరిశీలించింది. అన్నిటికీ సమాఖ్య సొమ్ము అందింది. గ్రీసులోని కస్టోరియా సంగతి చూడండి. 2005 నుంచి 2012 వరకు ఆదాయం 1,76,000 యూరోలు, తెరిచి ఉంచడానికి అయిన ఖర్చు 77 లక్షల యూరోలు. రన్‌వే పొడిగించారు. ఏ రకం విమానాల కోసం పొడిగించారో ఆ రకం విమానం ఒక్కటీ అక్కడ దిగలేదు. ఇక దక్షిణ ఇటలీ. కలాబ్రియా, సిసిలీ 1989లో పేద ప్రాంతాల జాబితాలో ఉన్నాయి, ఇవాళా ఉన్నాయి. పరీక్ష తప్పిన పిల్లవాడికి అదే ట్యూషను ముప్పై అయిదేళ్లు చెప్పించడం లాంటిది ఇది.

అసలు ‘ప్రాంతం’ అన్నదే పెన్సిలు గీత. ఐర్లండ్ 1990లలో ఎదిగి 75 శాతం దాటేసింది. నిధులు పోతాయని 1999లో గణాంకాల కోసం దేశాన్ని రెండుగా చీల్చారు. డబ్లిన్ ఒక ముక్కలో పడింది, పడమర ముక్క పేదదిగానే మిగిలింది, దాని నిధులు దానికొచ్చాయి. పోలాండ్ వాళ్లు 2018లో వార్సాను చుట్టుపక్కల మజోవియా నుంచి అలాగే విడదీశారు. మోసం అనను, చట్టబద్ధమే. ఊరు మాత్రం అంగుళం కదల్లేదు.

2021 నుంచి కోవిడ్ పునరుద్ధరణ నిధిలో కొత్త పద్ధతి వచ్చింది. బిల్లులు కాదు, చెప్పిన పని జరిగిందా, చెప్పిన సంస్కరణ చేశారా అని చూసి డబ్బిస్తారు. కొత్త ప్రతిపాదన దాన్నే అన్నిటికీ వర్తింపజేస్తోంది. ప్రభుత్వం మెడ మీద కత్తి ఉంటే తప్పేమిటి?

తూర్పు పోలాండ్ పాత విద్యార్థి:

నేను లూబ్లిన్‌లో చదువుకున్నాను. వైద్యం చదవడానికి వచ్చే మన తెలుగు పిల్లలు అక్కడ ఎదురుపడుతూనే ఉంటారు. ఉక్రెయిన్ సరిహద్దు దగ్గరి నగరం. 2004లో పోలాండ్ చేరినప్పుడు తూర్పున ఉన్న అయిదు రాష్ట్రాలూ మొత్తం సమాఖ్యలోనే అట్టడుగున ఉండేవి.

నేను రోజూ ఎక్కింది ట్రాలీబస్సు. రోడ్డు మీద రెండు కరెంటు తీగలు, బస్సు నెత్తిన రెండు కొమ్ములు. మంచు పడ్డ రోజు కొమ్ము తీగ నుంచి జారితే డ్రైవరు చేతి తొడుగులు వేసుకుని దిగి, వెనక వేలాడే తాడు లాగి మళ్లీ తగిలించేవాడు. లోపల ఎవరూ విసుక్కునేవారు కాదు. అద్దం మీద ఓ మూల నీలం చీటీ, సమాఖ్య జెండా మీది పన్నెండు నక్షత్రాలు, ఏ నిధి నుంచి ఎంత అని చిన్న అక్షరాలు. ఆ చీటీ బస్సు షెల్టరు మీదా ఉండేది, గ్రంథాలయం గుమ్మం మీదా ఉండేది. నాతో చదివిన పోలిష్ అమ్మాయి తన చిన్నప్పటి బస్సుల గురించి చెప్పి నవ్వేది. కస్టోరియా నిజమే కావచ్చు, నేనెక్కిన బస్సు కూడా నిజమే మాస్టారూ.

సందేహాల సుబ్బి:

అందరూ ఊళ్ల గురించి మాట్లాడుతున్నారు. మనుషుల మాటేమిటి? కలాబ్రియాలో పని లేకపోతే మిలాన్ వెళ్తారు, మనవాళ్లు హైదరాబాద్ వెళ్లినట్టు. వెళ్లే మనిషికి చదువు, రైలు టికెట్టు ఇస్తే చాలదా? 2009లో ప్రపంచ బ్యాంకు నివేదిక ఇంచుమించు ఇదే చెప్పింది: ఎదుగుదల ఎటూ కొన్ని చోట్లే పోగవుతుంది, దాన్ని ఆపకండి, మనుషులు అక్కడికి చేరే దారి చూడండి అని.

గోదావరి గట్టు:

సుబ్బి గారూ, అదే ఏడాది ఇటలీ ఆర్థికవేత్త ఫాబ్రిజియో బార్కా ఐరోపా కమిషన్‌కు ఇచ్చిన నివేదిక సరిగ్గా ఎదురు వాదన చేసింది. ఏ చోటి సమస్య ఆ చోటిదే, అక్కడి జ్ఞానం అక్కడే ఉంటుంది, బయటి నుంచి ఒత్తిడీ లోపలి నుంచి ఆలోచనా రెండూ కావాలి అని. పైగా వెళ్లగలిగినవాళ్లు వెళ్తారు, మిగిలినవాళ్లు ఓటేస్తారు. ఆండ్రెస్ రోడ్రిగెజ్-పోసె అనే ఆర్థికవేత్త 2018లో దీన్ని ఎవరూ లెక్కచేయని ఊళ్ల పగ అన్నాడు.

పాత లెక్కలు గారికి: కస్టోరియాను నడిపింది ఆ ఊరి పంచాయతీ కాదు, జాతీయ పౌర విమానయాన సంస్థ. మీ సాక్షి నా వైపు చెబుతున్నాడు. ఇక మెడ మీద కత్తి సంగతి. 2022 డిసెంబరులో హంగరీకి 630 కోట్ల యూరోల ప్రాంతీయ నిధులు స్తంభింపజేశారు. అవినీతి, కాంట్రాక్టుల మీద అభ్యంతరాలు సబబే. తప్పు చేసింది బుడాపెస్ట్ ప్రభుత్వం, ఆగింది మాత్రం పల్లెల మురుగునీటి పైపు. అన్నీ ఒకే మూటలో ఉంటే తాళం పడ్డ రోజు అన్నీ లోపలే.

పాత లెక్కలు:

రోడ్రిగెజ్-పోసె మాట ఎత్తారు కనుక బ్రిటన్ నైరుతి కొసనున్న కార్న్‌వాల్ గురించి ఆయన అభిమానులే జవాబు చెప్పాలి. 2000 నుంచి అత్యధిక సాయం అందుకున్న ప్రాంతాల్లో అదొకటి. సమాఖ్యలో ఉండాలా వద్దా అని 2016లో బ్రిటన్ ఓటేసినప్పుడు అక్కడ 56.5 శాతం మంది వద్దన్నారు. నీలం చీటీ చదివేది విదేశీ విద్యార్థులేనేమో!

కస్టోరియా విషయంలో దెబ్బ తగిలింది, ఒప్పుకుంటాను. కానీ బెకర్, ఎగర్, ఫాన్ ఎర్లిష్ అనే ఆర్థికవేత్తలు 2010లో చేసిన అధ్యయనం ఉంది. 75 శాతం గీతకు ఇటూ అటూ ఉన్న ప్రాంతాలను పోల్చి చూశారు. నిధులందిన చోట తలసరి ఉత్పత్తి పెరిగింది, ఉద్యోగాలు మాత్రం పెరిగినట్టు కనబడలేదు. అదే బృందం తరువాత చూస్తే, చదువూ మంచి పాలనా ఉన్న ప్రాంతాల్లోనే డబ్బు ఎదుగుదలగా మారింది. అంటే కుర్చీ ఇవ్వడం కన్నా ముందు ఆ కుర్చీలో కూర్చునేవాడికి చేతనవునా అన్నది చూడాలి. 2014 తరువాత ఆంధ్రప్రదేశ్‌లో రాయలసీమ, ఉత్తరాంధ్రలకు చెందిన ఏడు వెనకబడిన జిల్లాలకు ఏడాదికి తలా 50 కోట్లు చొప్పున కేంద్రం ఇచ్చింది. ఆ డబ్బు ఏమేం కట్టిందో ఇక్కడున్నవారిలో ఎందరు చెప్పగలరు? నేను చెప్పలేను, తనిఖీ చేసి కూడా.

సందేహాల సుబ్బి:

అలాగైతే ఆ ట్రాలీబస్సు లెక్క ఎవరిది? ప్రాంతందా, రాజధానిదా? అది తేలితే నేను ఏదో ఒక పక్క చేరతాను.

తూర్పు పోలాండ్ పాత విద్యార్థి:

మంచి ప్రశ్న, నిన్న రాత్రి వెతికాను. పోలాండ్‌లో 2007–13కు పదహారు రాష్ట్రాలకూ సొంత కార్యక్రమాలు ఉన్నాయి, వాటిని రాష్ట్రాలే నడిపాయి. ట్రాలీబస్సుల డబ్బు వాటిలోంచి రాలేదు. తూర్పు రాష్ట్రాలు అయిదింటికీ కలిపి పెట్టిన ప్రత్యేక కార్యక్రమం నుంచి వచ్చింది. దాన్ని నడిపింది వార్సాలోని మంత్రిత్వ శాఖ. గట్టు గారు నొచ్చుకోకండి. అయితే తీగలు ఏ వీధిలో వేయాలి, ఏ కాలనీ దాకా పొడిగించాలి అన్నది లూబ్లిన్ నగరపాలక సంస్థ ఇచ్చిన దరఖాస్తులోది.

గోదావరి గట్టు:

నొచ్చుకోలేదు. కానీ ఆ దరఖాస్తు పెట్టడానికి నగరానికి హక్కు ఉంది కదా. కొత్త ప్రణాళికలో ఆ హక్కు ఎక్కడ రాసి ఉందో పాత లెక్కలు గారు పేజీ చూపిస్తే, ప్రతిపాదన మీద నా విమర్శ సగం వెనక్కి తీసుకుంటాను.

పాత లెక్కలు:

వెతుకుతున్నాను. ఇప్పటిదాకా ‘సంప్రదింపులు’ అన్న మాటే తగులుతోంది. నా ఉద్యోగంలో ఆ మాటకు అర్థం టీ, రెండు బిస్కెట్లు. రేపు మళ్లీ చూస్తాను.