ఆరో తరగతికి ఏ బడి? (డిస్లెక్సియా, ఏడీహెచ్‌డీ)

బోడుప్పల్ అమ్మ
మా వాడు ఐదులో ఉన్నాడు, ఇప్పుడున్న బడి ఐదు వరకే. డిస్లెక్సియా (చదవడం, రాయడంలో ఇబ్బంది), కొంచెం ఏడీహెచ్‌డీ (ధ్యాస, కుదురు నిలవకపోవడం) అని రెండేళ్ల కిందట రిపోర్ట్ ఇచ్చారు. కథ చెప్పమంటే అరగంట చెప్తాడు. రాయమంటే "బడి" కాస్తా "డబి" అవుతుంది, "అమ్మమ్మ"లో ఒత్తొకటి ఎగిరిపోతుంది. డిక్టేషన్ పుస్తకం తెరిస్తే అంతా ఎర్ర సిరానే. ఇంటి పక్కన స్టేట్ సిలబస్ బడి ఉంది. గచ్చిబౌలి వైపు రిసోర్స్ రూమ్ (ఇలాంటి పిల్లలకి విడిగా నేర్పే గది) ఉన్న సీబీఎస్‌ఈ బడి ఉంది, కానీ బస్సులో పోను గంటన్నర, రాను గంటన్నర. ఎన్‌ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూల్) పెట్టేయమని మా ఆడపడుచు అంటోంది. రిపోర్ట్ అడ్మిషన్ అప్పుడే చూపించాలా, చేరాక చెప్పాలా? అంత బస్సు వాడు తట్టుకుంటాడా?

కడప నాన్న
చూపించొద్దక్కా. మా పాపకు ఆటిజం. ఫోన్లో "సీట్లున్నాయి, రండి సార్" అన్నోళ్లే ఫైలు బల్ల మీద పెడతానే "ఈ ఏడు నిండిపోయినాయి" అన్న్యారు. మూడు బళ్లలో ఇదే మాట. నాలుగో దాంట్లో నోరు మూసుకోని చేర్పిచ్చినా.

స్పెషల్ టీచర్ 18
ఇలాంటి సలహాలే పిల్లల్ని ముంచేది. 18 ఏళ్లుగా ఇదే నా పని, నా దగ్గర చదివిన పిల్లల్లో ఇంజనీర్లున్నారు. దాచిపెట్టి చేర్పిస్తే మొదటి యూనిట్ టెస్టుకే బయటపడుతుంది, ఆ రోజు నుంచి వాడికి "బద్ధకస్తుడు" అని పేరు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడి వివక్ష లేకుండా చేర్చుకోవాలి. రిసోర్స్ రూమ్ బోర్డు చూసి మురిసిపోకండి, తలుపు తీయించండి. నేను చూసిన ఒకదాంట్లో విరిగిన బెంచీలు, స్పోర్ట్స్ డే జెండాలు ఉన్నాయి. టీచర్‌కి ఆర్‌సీఐ నంబరు (స్పెషల్ టీచర్‌గా రిజిస్ట్రేషన్) ఉందా అడగండి. సీబీఎస్‌ఈ పరీక్షల్లో గంటకు 20 నిమిషాలు అదనంగా ఇస్తారు, స్క్రైబ్‌ను (పిల్లాడు చెప్తుంటే రాసిపెట్టే మనిషిని) ఇస్తారు. తెలుగు తీసేయించండి, సగం బరువు దిగుతుంది.

తార్నాక తాతయ్య
తెలుగు తీసేయించడమా! హిందీ తీసేద్దామని ఒక్కరికీ తోచదేం? మా మనవడికి ఇలాగే తీసేశారు. ఇప్పుడు నేను వాట్సాప్‌లో రెండు ముక్కలు రాస్తే వాళ్లమ్మ చదివి వినిపించాలి. అన్ని బళ్లలో తెలుగు ఉండాలని తెలంగాణలో 2018లో చట్టం చేసింది ఎందుకు మరి?

మియాపూర్ తల్లి
తాతగారూ, మాట్లాడటం వేరు, రాయటం వేరు. మా అమ్మాయి ఇంట్లో గలగలా తెలుగే. గుణింతం దగ్గరికొచ్చేసరికి ఏడుపు. ఇంగ్లీషుకి 26 అక్షరాలు. మనకి 56, వాటికి గుణింతాలు, కింద ఒత్తులు. రెండో, మూడో భాష మినహాయింపు ఆ 2016 చట్టంలోనే 17వ సెక్షన్‌లో ఉంది, చదవండి.

తార్నాక తాతయ్య
చదివానమ్మా, రిటైర్డ్ హెడ్మాస్టర్ని. మనం పలికినట్టే రాస్తాం. ఇంగ్లీషులో "నైఫ్" అనడానికి ముందు పలకని అక్షరమొకటి. తికమకపడే పిల్లాడికి ఏది కష్టమో మీరే చెప్పండి.

స్పెషల్ టీచర్ 18
చెవికి తెలుగు తేలికే సార్, కంటికే కష్టం. హెడ్మాస్టర్‌గా చేసినంత మాత్రాన ఇవి తెలియవు.

తార్నాక తాతయ్య
చేసినంత మాత్రానా? మీ 18కి రెండింతలు సుద్దముక్క పట్టాను.

మోడరేటర్
ఇద్దరూ ఇక ఆపండి. ఇంకో మాటంటే తీసేస్తాను.

సిద్దిపేట తమ్ముడు
మీ పట్నం లొల్లి మీదే. మా పోరడు ఊర్ల జెడ్పీ హైస్కూల్ల ఏడు సదువుతుండు. భవిత సెంటర్ (ఇసొంటి పోరగాళ్ల కోసం సర్కారు పెట్టింది) నుంచి ఐఈఆర్పీ మేడం, అంటే స్పెషల్ టీచర్, వస్తది. లెక్కల సారు ప్రశ్నలు నోటితోనే అడిగి మార్కులేస్తడు. పైస ఖర్సు లేదు. మేడం సెలవు పెట్టిన్నాడు మాత్రం సూసెటోళ్లుండరు. వైకల్యం సర్టిఫికెట్ (మునుపు సదరం అనెటోళ్లు) ఇప్పుడే తీస్కోన్రి, పదిల స్క్రైబు కావాలంటె ఉరకాల్సొస్తది. నేను క్యాంపుకు రెండుసార్లు తిరిగిన.

డల్లాస్ బాబాయ్
ఇక్కడ 1975 నుంచే చట్టం ఉంది. ఏటా ఐఈపీ మీటింగ్ పెట్టి, పిల్లాడికి ఏం కావాలో కాగితం మీద రాసి సంతకాలు పెడతారు. మీరూ ఐఈపీ రాసివ్వమని గట్టిగా అడగండి.

కడప నాన్న
గట్టిగా అడిగితే టీసీ రాసిస్తారు బాబాయ్.

ఎన్‌ఐఓఎస్ అమ్మ
ఆడపడుచు గారికి చెప్పండి, ఎన్‌ఐఓఎస్ పదికి 14 ఏళ్లు నిండాలి. ఆరో తరగతి పిల్లాడికి ఇప్పుడే ఆ తొందరెందుకు? మా వాడు మాత్రం దాంతోనే గట్టెక్కాడు. లెక్కలు వదిలేసి పెయింటింగ్, హోమ్ సైన్స్, డేటా ఎంట్రీ తీసుకున్నాడు. ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలిస్తారు. హోమ్ సైన్స్ రెండోసారికి పోయింది, ఇంటిల్లిపాదికీ పులిహోర చేసిపెట్టే పిల్లాడికి! మార్క్స్ మెమో వచ్చిన రోజు వాడు దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకున్నాడు. "ఓపెనా?" అని ముక్కు విరిచిన బంధువులు ఇప్పుడు ఫోన్ చేసి అడుగుతున్నారు, ఎలా కట్టాలని.

కొత్త సభ్యుడు
వైకల్యం 40 శాతం ఉంటే పింఛను వస్తుందా? ఎవరైనా చెప్పగలరు.

బోడుప్పల్ అమ్మ
అందరికీ థాంక్స్. బస్సు గురించి మాత్రం ఒక్కరూ చెప్పలేదు. శనివారం పక్క బడికి వెళ్లొచ్చాం, ఫైలు తీసుకునే వెళ్లాను. ఆఫీస్ రూమ్‌లో గోడ గడియారం ఆగిపోయి ఉంది. మా వాడు ఊరుకోకుండా "ఇది చచ్చిపోయిందా సార్?" అన్నాడు. హెడ్ సార్ నవ్వి సొరుగులోంచి సెల్లు తీసి, వాణ్ని స్టూలెక్కించి వాడి చేతే వేయించారు. రిసోర్స్ రూమ్ లేదు, సెక్షన్‌కి 46 మంది. అయినా వాడు రోడ్డంతా ఆ బడి కబుర్లే.

మియాపూర్ తల్లి
సారీ అండీ, తెలుగు గొడవలో పడి మర్చిపోయాను. మా అమ్మాయిని ఆరులో గంట బస్సుకి పంపాం. హారన్లు, పాటలు, పెద్ద పిల్లల అరుపులు. ఇంటికొచ్చి బూట్లతోనే సోఫాలో ముడుచుకుపడుకునేది. ఇంక థెరపీకి ఓపికెక్కడిది? దసరా సెలవుల తర్వాత మానిపించి, బడి దగ్గర్లోనే అద్దెకి దిగాం. అద్దె ఎంతో మాత్రం అడక్కండి.

కొత్త సభ్యుడు
పింఛను సంగతి?

కడప నాన్న
అక్కా, ఫైలు చూసి ఏమన్న్యారు?

బోడుప్పల్ అమ్మ
సోమవారం ఫోన్ చేస్తామన్నారు.

కడప నాన్న
మాకూ సోమవారమే అన్న్యారు.